దూరం ఆనని చూపు: పిల్లల్లో హ్రస్వదృష్టి

దగ్గరి వస్తువులు స్పష్టంగా కనబడుతూ దూరపు వస్తువులు మసకగా కనబడటమే హ్రస్వదృష్టి. వాడుకలో దీన్ని ‘సైటు’ అంటారు. కళ్లజోడు చీటీలో మైనస్ గుర్తుతో రాస్తారు. ఇది ఎక్కువగా ఆరేళ్లకూ పన్నెండేళ్లకూ మధ్య, అంటే పిల్లలు బడికి అలవాటుపడి చదువులో స్థిరపడే కాలంలో మొదలవుతుంది. నొప్పి ఉండదు. కన్ను ఎర్రబడదు, నీరు కారదు. చూపు కొద్దికొద్దిగా మసకబారుతుంది కాబట్టి, లోకం అందరికీ అలాగే కనబడుతుందని పిల్లలు అనుకుంటారు. పిల్ల తనంతట తాను వచ్చి చెబుతుందని ఎదురుచూస్తే ఏళ్లు గడిచిపోతాయి. ఈ లోపాన్ని ఇంట్లో పెద్దలు, బడిలో టీచర్లు వెతికి పట్టుకోవాలి. కళ్లజోడు కొనడంతో పని పూర్తికాదు. కన్ను పెరిగినంత కాలం పవర్ మారుతుంటుంది కనుక, చూసుకోవలసిన పని ఏటా ఉంటుంది.

కంటిలో జరిగేది

కంటి ముందున్న పారదర్శకమైన పొర కార్నియా. దాని వెనక కటకం ఉంటుంది. ఈ రెండూ కలిసి వెలుతురు కిరణాలను వంచి, కనుగుడ్డు లోపలి వెనక గోడకు పరుచుకున్న రెటీనా మీద బొమ్మ పడేలా చేస్తాయి. పుట్టినప్పుడు కనుగుడ్డు ముందు నుంచి వెనకకు సుమారు 17 మిల్లీమీటర్లు ఉంటుంది. పెద్దయ్యేసరికి 24 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. ఈ పెరుగుదలకు తగ్గట్టు కార్నియా, కటకం కూడా మారుతూ బొమ్మను రెటీనా మీదే నిలుపుతాయి. ఆ పొంతన తప్పి గుడ్డు అవసరానికి మించి సాగితే, బొమ్మ రెటీనాకు ముందే ఏర్పడుతుంది. టూరింగ్ టాకీసులో ప్రొజెక్టరును కదపకుండా తెరను వెనక్కి జరిపితే బొమ్మ అలుక్కుపోయినట్టే ఇదీ జరుగుతుంది. గుడ్డు ఒక మిల్లీమీటరు అదనంగా సాగితే సుమారు రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల (కళ్లజోడు పవర్ కొలత) సైటు వస్తుంది. అలా సాగిన కన్ను మళ్లీ పొట్టిది కాదు.

చీటీలోని అంకెను బట్టి పిల్లకు ఎంత దూరం వరకు స్పష్టంగా కనబడుతుందో లెక్క కట్టవచ్చు. మైనస్ 0.5 ఉంటే రెండు మీటర్లు, మైనస్ 1 ఉంటే ఒక మీటరు, మైనస్ 2 ఉంటే అర మీటరు, మైనస్ 4 ఉంటే పాతిక సెంటీమీటర్లు. ఆ హద్దు దాటితే మసకే. మైనస్ 1 ఉన్న పిల్ల పుస్తకం చక్కగా చదువుతుంది, నోటుబుక్కులో అందంగా రాస్తుంది. నాలుగైదు మీటర్ల దూరంలోని బోర్డు మీది అక్షరాలు మాత్రం ఆ పిల్లకు ఆనవు. “పుస్తకం బాగానే చదువుతోంది కదా, కళ్లకేం?” అని ఇంట్లోవాళ్లు పొరబడేది ఇక్కడే.

మైనస్ 0.5 నుంచి హ్రస్వదృష్టిగా లెక్కిస్తారు. మైనస్ 6, ఆపైన ఉంటే తీవ్ర హ్రస్వదృష్టి. ఈ దశలో రెటీనా మరీ సాగి పలచబడుతుంది. నడివయసు వచ్చేసరికి రెటీనా ఊడిపోవడం, చూపుకు కేంద్రమైన మాక్యులా దెబ్బతినడం, నీటికాసులు (గ్లాకోమా) రావడం వంటి ముప్పులు పెరుగుతాయి. కళ్లజోడు మసకను తొలగిస్తుంది కానీ ఈ ముప్పులను తొలగించలేదు. చిన్న వయసులో మొదలైన సైటు పెరగడానికి ఎక్కువ కాలం దొరుకుతుంది కాబట్టి, తొందరగా గుర్తించడం ముఖ్యం. పెరుగుదలను ఒక్క డయాప్టర్ మేర తగ్గించగలిగినా మాక్యులా జబ్బు వచ్చే అవకాశం సుమారు 40 శాతం తగ్గుతుందని 2019లో వెలువడిన విశ్లేషణ లెక్కకట్టింది.

ఎందుకు వస్తుంది

వంశపారంపర్యం ఒక కారణం. తల్లిదండ్రుల్లో ఒకరికి సైటు ఉంటే పిల్లకు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇద్దరికీ ఉంటే ఇంకా ఎక్కువ. అయితే ఒకటి రెండు తరాల్లోనే ప్రపంచమంతటా సైటు ఇంతగా పెరగడానికి వంశం ఒక్కటే కారణం కాలేదు. 2000 నాటికి ప్రపంచ జనాభాలో 23 శాతం మందికి ఉన్న ఈ లోపం 2050 నాటికి దాదాపు సగం మందికి వస్తుందని 2016లో ఒక అంతర్జాతీయ బృందం అంచనా వేసింది. మారింది పిల్లలు రోజు గడిపే తీరు. గంటల తరబడి దగ్గరి చూపుతో చేసే పనులు పెరిగాయి, ఆరుబయట గడిపే సమయం తగ్గింది.

ఆరుబయలు మేలు చేసేది ముఖ్యంగా వెలుతురు వల్ల. గదిలో వెలుతురు మామూలుగా కొన్ని వందల లక్సులు ఉంటుంది. పగటిపూట చెట్టు నీడలో నిలబడ్డా అది వేలల్లో, నడి ఎండలో లక్ష దాకా ఉంటుంది. ఎక్కువ వెలుతురు సోకినప్పుడు రెటీనాలో డోపమైన్ అనే రసాయనం ఎక్కువగా విడుదలై గుడ్డు సాగే వేగాన్ని అదుపు చేస్తుందని పరిశోధనలు సూచిస్తున్నాయి. సూర్యుణ్ణి చూడనక్కర్లేదు, అలా చూడటం కంటికి ప్రమాదం కూడా. బయట నీడలో ఆడుకున్నా చాలు.

చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాల ఆరుబయటి పీరియడ్ పెట్టారు. 2015లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. మూడేళ్లలో మామూలు బడుల్లో 39.5 శాతం మందికి కొత్తగా సైటు రాగా, ఈ బడుల్లో 30.4 శాతం మందికే వచ్చింది. తైవాన్ 2010 నుంచి పిల్లలు రోజుకు రెండు గంటలు బయట గడిపేలా బడుల ద్వారా కార్యక్రమం నడుపుతోంది. ఢిల్లీ బడుల్లో ఎయిమ్స్ వైద్యులు జరిపిన అధ్యయనంలోనూ రోజుకు రెండు గంటలకు మించి బయట ఆడుకునే పిల్లల్లో సైటు తక్కువగా కనబడింది.

తెలుగు నేల మీద లెక్కలు

2002లో వెలువడిన ఒక ముఖ్యమైన అధ్యయనాన్ని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో చేశారు. 7 నుంచి 15 ఏళ్ల పిల్లలను నాలుగు వేల మందికి పైగా పరీక్షిస్తే 4.1 శాతం మందిలో హ్రస్వదృష్టి కనబడింది. చూపు తగ్గిన కళ్లలో 61 శాతానికి కారణం కళ్లద్దాలతో సరిచేయగల లోపమే. అదే కాలంలో ఢిల్లీ నగర పిల్లల్లో హ్రస్వదృష్టి 7.4 శాతం. ఆ తరువాత పదేళ్లకు పైగా గడిచాక, 2015లో వెలువడిన ఢిల్లీ బడుల అధ్యయనంలో అది 13.1 శాతం. పల్లె పిల్లలకు సైటు తక్కువే అయినా, ఉన్నవాళ్లు అద్దాలు లేకుండా మిగిలిపోవడమే పల్లెల్లో అసలు సమస్య.

ఉత్తరాంధ్ర పల్లెల్లో పిల్లలకు ఆరుబయలు కొదవ కాదు. ఉద్దానం జీడితోటలు, కొబ్బరితోటలు, కళింగపట్నం నుంచి భావనపాడు దాకా తీరం వెంట మత్స్యకార గ్రామాలు, సీతంపేట కొండల గూడలు అన్నీ వెలుతురు నిండిన చోట్లే. అయితే పిల్లలు ఆ వెలుతురులో గడిపే సమయం తగ్గుతోంది. చదువు కోసం హాస్టళ్లకు, పట్నాల బడులకు వెళ్లిన పిల్లలకు పొద్దున్న స్టడీ అవర్స్, సాయంత్రం స్టడీ అవర్స్. పదో తరగతికి వచ్చేసరికి ఆటల పీరియడ్ కూడా చదువుకే పోతుంది. మార్చిలో ఒంటిపూట బడులు మొదలైతే మధ్యాహ్నం ఇంటికొచ్చిన పిల్లలు ఎండకు బయటికి వెళ్లలేక సెల్‌ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. తల్లిదండ్రులు విశాఖకో, హైదరాబాద్‌కో, చెన్నైకో వలస వెళ్లిన ఇళ్లలో పిల్లలు తాత, అమ్మమ్మల దగ్గర పెరుగుతారు. శుక్లాలు వచ్చి తమ చూపే ఆనని పెద్దలకు పిల్లల చూపు తగ్గిందని కనిపెట్టడం కష్టం.

గుర్తుపట్టే ఆనవాళ్లు

మొదటి ఆనవాలు కళ్లు చికిలించి చూడటం. రెప్పలు దగ్గరైతే సన్నని చీలిక గుండా వచ్చే వెలుతురు మసకను కొంత తగ్గిస్తుంది కాబట్టి, పిల్లలు ఎవరూ నేర్పకుండానే అలా చేస్తారు. టీవీకి మరీ దగ్గరగా వెళ్లి కూర్చోవడం, బోర్డు మీదిది పక్కపిల్ల నోట్సులో చూసి రాసుకోవడం, ముందు బెంచీలోకి మార్చమని అడగడం, బోర్డు చూసి రాసిన లెక్కలో అంకెలు తప్పు పడటం, వచ్చే బస్సు బోర్డు చదవలేకపోవడం, వీధి చివర వస్తున్న మనిషిని పోల్చుకోలేకపోవడం, క్రికెట్లో ఎత్తుగా వచ్చిన బంతిని అందుకోలేకపోవడం మిగతా ఆనవాళ్లు. బాగా చదివే పిల్లకు ఒక్కసారిగా మార్కులు తగ్గితే మందలించే ముందు చూపు పరీక్ష చేయించాలి.

సైటును రేచీకటితో కలపకూడదు. రేచీకటిలో పగలు చూపు బాగుండి మునిమాపు వేళ తగ్గుతుంది. విటమిన్ ఎ లోపం దానికి ముఖ్య కారణం. పొన్నగంటి కూర, మునగాకు, బొప్పాయి, క్యారెట్ ఆ లోపాన్ని రానివ్వకుండా కాపాడతాయి కనుక పిల్లలకు పెట్టవలసినవే. సాగిన కనుగుడ్డును మాత్రం ఏ ఆకుకూరా పొట్టిది చేయలేదు. కూరతో సైటు పోతుందని కళ్లజోడు మానిపించడం పిల్లకు నష్టం.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. గోడ మీద క్యాలెండర్ తగిలించి, వెలుతురు ఉన్న గదిలో పిల్లను దూరంగా నిలబెట్టి, అరచేత్తో ఒక కన్ను నొక్కకుండా మూయించి అంకెలు చదివించాలి. తరువాత రెండో కన్ను మూయించాలి. ఒక కంటితో చదివినది రెండో కంటితో చదవలేకపోయినా, అదే దూరంలో తోటి పిల్లలు చదివినది ఈ పిల్ల చదవలేకపోయినా కంటి వైద్యుణ్ణి కలవాలి. రెండు కళ్లనూ వేర్వేరుగా చూడటం తప్పనిసరి. ఒక కన్ను బాగుంటే రెండో కంటి లోపం బయటపడదు. వాడకం లేని ఆ కన్ను మెదడుతో సంబంధం బలపడక మందగిస్తుంది. దాన్ని సరిదిద్దడానికి ఏడెనిమిదేళ్ల లోపు వయసు అనువైనది.

కొన్ని ఆనవాళ్లు సైటువి కావు, ఆలస్యం చేయకూడనివి. నల్లగుడ్డు నడుమ తెల్లగా మెరవడం, మెల్లకన్ను, చూపు హఠాత్తుగా తగ్గడం, వెలుతురు మెరుపులు కనబడటం ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దురదతో ఎప్పుడూ కళ్లు నులుముకునే పిల్లలకు అలర్జీ వైద్యం చేయించాలి. గట్టిగా నులమడం వల్ల కార్నియా పలచబడి ముందుకు ఉబికే జబ్బు రావచ్చు. పవర్ తరచూ మారడానికి అదీ ఒక కారణం.

బడిలో పరీక్ష

భారత ప్రభుత్వం 1976లో మొదలుపెట్టిన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమంలో బడి పిల్లల చూపు పరీక్ష, ఉచిత కళ్లద్దాలు ఒక భాగం. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు బడులకు వచ్చి చూపుతో సహా పలు లోపాలను పరీక్షిస్తాయి. 2019 అక్టోబరు 10న, ప్రపంచ దృష్టి దినం నాడు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనంతపురంలో వైఎస్సార్ కంటి వెలుగును ప్రారంభించింది. తొలి విడత పూర్తిగా బడి పిల్లలకే కేటాయించారు. అక్టోబరు 16 దాకా వారం రోజుల్లో రాష్ట్రమంతటా సుమారు 66 లక్షల మంది పిల్లల చూపు పరీక్షించి, నాలుగు లక్షలకు పైగా పిల్లలకు మరింత పరీక్ష అవసరమని గుర్తించారు. వాళ్లను నవంబరు నుంచి రెండో విడతలో కంటి సిబ్బంది చూశారు.

తలుచుకుంటే రాష్ట్రంలోని బడి పిల్లల్లో దాదాపు అందరినీ వారంలో పరీక్షించగలమని ఆ కార్యక్రమం చూపింది. అయితే 2019లో ఆరేళ్ల వయసులో చూపు సరిగా ఉన్నట్టు తేలిన పిల్లకు తొమ్మిదో ఏటనో పదో ఏటనో సైటు రావచ్చు. అందుకే బడి పరీక్ష ఏటా జరగాలి.

దీనికి కావలసింది ఒక చార్టు, ఆరు మీటర్ల చోటు, కొలిచే టేపు. డచ్చి వైద్యుడు హెర్మన్ స్నెలెన్ 1862లో రూపొందించిన అక్షరాల చార్టే నేటి చార్టులకు మూలం. బడి పరీక్షకు నాలుగు వైపులా తిరిగిన ‘ఈ’ ఆకారాల చార్టు అనువైనది. దాని కాళ్లు ఎటువైపు ఉన్నాయో పిల్ల చేతివేళ్లతో చూపితే చాలు, అక్షరం రానక్కర్లేదు. సీతంపేట, పార్వతీపురం ప్రాంతాల ఆశ్రమ పాఠశాలల్లో ఇంట్లో సవర భాష మాట్లాడే చిన్నారులకు కూడా ఈ పరీక్ష ఇబ్బంది కాదు. ఆరు మీటర్ల దూరం నుంచి చార్టులో 6/9 అని రాసిన వరుసను ఏ కంటితోనైనా చూపలేకపోయిన పిల్లను కంటి పరీక్షకు పంపాలి. చికిలించి చూస్తే ఆ చూపును లెక్కలోకి తీసుకోకూడదు. ఇప్పటికే కళ్లజోడు ఉన్న పిల్లను కళ్లజోడుతోనే పరీక్షించాలి.

పరీక్ష కన్నా కష్టమైనది తరువాతి పని. పేరు రాసుకున్నంత మాత్రాన పిల్ల ఆసుపత్రికి చేరదు. తల్లిదండ్రులకు కాగితం మీద రాసి పంపడం, నెల తరువాత వెళ్లారా లేదా అని కనుక్కోవడం, కళ్లజోడు వచ్చాక పెట్టుకుంటున్నారా అని చూడటం టీచరు చేతిలో ఉంటాయి. హాస్టళ్లలో, కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో ఆ పని వార్డెనుది. అక్కడ తల్లి కళ్లెదుట పిల్ల ఉండదు.

ఆసుపత్రిలో పరీక్ష

పిల్లల కటకం కండరాలు చాలా చురుకైనవి. పరీక్ష సమయంలో అవి బిగుసుకుంటే లేని సైటు ఉన్నట్టు, ఉన్నది ఎక్కువైనట్టు కనబడుతుంది. అందువల్ల పిల్లలకు చుక్కల మందు వేసి, కండరాలు సడలాక రెటినోస్కోపుతో పవర్ తేల్చాలి. మందు ప్రభావం ఉన్నంతసేపు దగ్గరి చూపు మసకగా, వెలుతురు చురుక్కుమన్నట్టు ఉంటుంది. తరువాత అదే తగ్గిపోతుంది. ఆప్టికల్ షాపులోని కంప్యూటర్ పరీక్ష ఒక్కదాన్నే నమ్మి పిల్లకు మొదటి కళ్లజోడు కొనకూడదు. రెటీనా పరీక్ష కూడా చేయించాలి. సౌకర్యం ఉన్నచోట గుడ్డు పొడవు కొలిపించి, ఆ అంకెను చీటీ మీద రాయించుకుంటే మరుసటి ఏడాది పోల్చుకోవచ్చు.

ఉత్తరాంధ్రలో శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో కంటి విభాగాలున్నాయి. విజయనగరంలో పుష్పగిరి కంటి ఆసుపత్రి ఉంది. పెద్ద వైద్యం కావలసివస్తే విశాఖపట్నంలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, 2006లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ సంస్థ జీఎంఆర్ వరలక్ష్మి ప్రాంగణం, శంకర్ ఫౌండేషన్ ఆసుపత్రి ఉన్నాయి. ఇచ్ఛాపురం వైపు వాళ్లకు ఒడిశాలోని బరంపురం దగ్గరవుతుంది.

కళ్లజోడు

‘చిన్నప్పుడే అద్దాలు పెడితే పవర్ పెరుగుతుంది’ అనే మాట ఊరూరా వినబడుతుంది. పెరిగేది కనుగుడ్డు. అద్దాలు పెట్టినా, పెట్టకపోయినా ఆ వయసులో అది పెరుగుతుంది. పవర్ కావాలని తక్కువ రాయించడం వల్ల మేలు లేదు. 2002లో వెలువడిన మలేసియా అధ్యయనంలో తక్కువ పవర్ అద్దాలు వాడిన పిల్లలకే సైటు వేగంగా పెరిగింది. పూర్తి పవర్ రాయించుకోవడం సరైన పద్ధతి. మరీ తక్కువ సైటు ఉంటే బడిలో, టీవీ చూసేటప్పుడు పెట్టుకుంటే సరిపోవచ్చు. అది వైద్యులు తేల్చాలి.

పిల్లలకు గాజు అద్దాలు వద్దు. సులువుగా పగలని పాలికార్బొనేట్ అద్దాలు, ముక్కు మీద నిలిచే తేలికైన ఫ్రేము, ఆటల్లో జారకుండా వెనక పట్టీ ఉండాలి. నీళ్లతో కడిగి మెత్తని నూలుబట్టతో తుడవడం పిల్లకు నేర్పాలి.

ఉచితంగా ఇచ్చిన కళ్లజోడు పెట్టెలో ఉండిపోవడం మామూలే. మహారాష్ట్రలోని పూణే జిల్లా పల్లె బడుల్లో అద్దాలు ఇచ్చిన పిల్లల్లో దాదాపు 30 శాతం మందే వాటిని పెట్టుకుంటున్నట్టు ఒక అధ్యయనంలో తేలింది. తోటి పిల్లల వెక్కిరింత, విరిగిపోవడం, పోవడం సాధారణ కారణాలు. ఆడపిల్ల విషయంలో పెళ్లి సంబంధాల బెంగ తోడవుతుంది. మసక చూపుతో చదువు పోగొట్టుకున్న పిల్లకు జరిగే నష్టం ముందు ఆ బెంగ ఏపాటిది? పశ్చిమ చైనా పల్లెల్లో ఉచిత అద్దాలు ఇచ్చిన బడుల పిల్లలకు లెక్కల్లో మార్కులు పెరిగినట్టు 2014లో ఒక పెద్ద అధ్యయనం చూపింది. వెక్కిరింతను టీచరు మొదటి రోజే ఆపాలి. ఫ్రేము రంగు పిల్లనే ఎంచుకోనివ్వాలి.

సైటు వేగాన్ని తగ్గించడం

సైటు రాకుండా ఆపడంలో ఆరుబయటి వెలుతురు ఫలితం బాగా తేలింది. వచ్చాక పెరగకుండా ఆపడంలో దాని ప్రభావం అంత స్పష్టంగా లేదు. కాబట్టి బడికి వెళ్లే ప్రతి పిల్లకూ, సైటు ఉన్నా లేకున్నా, రోజుకు రెండు గంటల బయటి సమయం ఉండాలి. కోస్తా ఎండల్లో అది ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగున్నర తరువాత వీలవుతుంది. చదివేటప్పుడు పుస్తకం జానెడున్నర దూరంలో ఉంచాలి. అరగంటకోసారి లేచి కిటికీలోంచి దూరం చూడాలి. పడుకుని, కదిలే బస్సులో ఫోన్ చూడటం మానిపించాలి.

ఏడాదికి అర డయాప్టర్‌కు మించి సైటు పెరిగే పిల్లలకు వైద్యపరమైన మార్గాలున్నాయి. తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు రోజూ రాత్రి ఒకటి చొప్పున వేస్తారు. ఎయిమ్స్ వైద్యులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో 0.01 శాతం చుక్కలు ఏడాదిలో సైటు పెరుగుదలను దాదాపు సగానికి తగ్గించాయి. హాంకాంగ్ అధ్యయనంలో 0.05 శాతం మోతాదు ఇంకా బాగా పనిచేసింది. ఈ మందు ఏళ్ల తరబడి వాడవలసి ఉంటుంది, ఒక్కసారిగా మానితే సైటు మళ్లీ వేగం పుంజుకోవచ్చు. అందువల్ల వైద్యుల పర్యవేక్షణ లేకుండా వాడకూడదు. చుట్టూ సన్నని కటకాలు పొదిగిన ప్రత్యేక కళ్లద్దాలు కూడా రెండేళ్ల హాంకాంగ్ అధ్యయనంలో పెరుగుదలను సగం మేర తగ్గించాయి. వాటి ధర మామూలు అద్దాల కన్నా చాలా ఎక్కువ. రాత్రిపూట పెట్టుకుని పడుకునే గట్టి కాంటాక్ట్ లెన్సులు మరో మార్గం. శుభ్రతలో లోపం జరిగితే కార్నియాకు పుండు పడుతుంది, చూపు పోయే ప్రమాదం ఉంది. వాటిని కుళాయి నీళ్లతో, బావి నీళ్లతో కడగకూడదు.

నీలి కాంతిని ఆపే అద్దాలు, కంటి వ్యాయామాలు సైటును ఆపుతాయనడానికి ఆధారం లేదు. లేజర్ శస్త్రచికిత్స 18 ఏళ్లు నిండి పవర్ స్థిరపడ్డాకే చేస్తారు. అది కళ్లజోడు అవసరాన్ని తీసేస్తుంది గానీ సాగిన రెటీనాకు ఉన్న ముప్పును తగ్గించదు.

ఏటా చేయవలసిన పని

సైటు ఉన్న పిల్లను ఆరు నెలలకోసారి, వేగంగా పెరుగుతుంటే ఇంకా ముందే చూపించాలి. పాత చీటీలు దాచాలి, పెరుగుదల వేగం వాటి వల్లే తెలుస్తుంది. సాధారణంగా పదహారు, పద్దెనిమిదేళ్ల దాకా పవర్ మారుతుంటుంది. ఒకరికి సైటు ఉందని తేలితే అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను కూడా పరీక్షించాలి. జూన్‌లో బడులు తెరిచాక తరగతి మొత్తానికి చార్టు పరీక్ష జరిపితే, బయటపడిన పిల్లలను దసరా సెలవుల్లోగా ఆసుపత్రికి పంపి కళ్లజోడు తెప్పించవచ్చు. హాస్టల్ పిల్లలు సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు అద్దాల మీద గీతలు పడ్డాయా, ఫ్రేము వదులైందా, బోర్డు ఇప్పటికీ ఆనుతోందా అని తల్లిదండ్రులు అడిగి చూడాలి. పదో తరగతి పరీక్షల ఏడాదిలో ఈ పరీక్షలను వాయిదా వేయకూడదు. ఎక్కువ గంటలు చదివే ఆ ఏడాది కూడా పవర్ మారవచ్చు.